ఏడాదికో సాలు

జీతం పెరగడం కంటితో చూసినవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. నేను చూశాను. ఎర్రటి చెలకలో, తూర్పు గట్టు పక్కన, ఏడాదికి ఒక సాలు చొప్పున అది పెరిగింది. దాంట్లో కలుపు తీశాను, దాని పక్కన పిల్లను పడుకోబెట్టాను, పనిలేనప్పుడు ఊరికే దాని వెంట ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. ఇప్పటికీ మధ్యాహ్నం పూట కునుకు పడితే ముందు ఎద్దుల మెడలోని గంటలు వినిపిస్తాయి. తర్వాత తడి మట్టి వాసన వస్తుంది. ఆ తర్వాతే మా ఆయన కనిపిస్తాడు. మూడో స్థానంలో నిలబెట్టానని ఆయన ఏమీ అనుకోడు, బతికున్నప్పుడూ ఎద్దుల తర్వాతే ఉండేవాడు.

ఇది నిజాం ఏలుబడి చివరి రోజుల మాట. పాలమూరుకు ఒక పూట బండి ప్రయాణం మా ఊరు. మా వాడ ఊరికి కొంచెం ఎడంగా ఉండేది. చిన్నప్పుడు మా పుట్టింటి ఊళ్లో ప్రార్థన గుడి పంతులమ్మ నాకు నాలుగు అక్షరాలు నేర్పింది కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను. వాటితో నేను ఎద్దుల గురించి రాస్తానని పాపం ఆమె అనుకొని ఉండదు.

మా ఆయన ఒక పటేలు దగ్గర జీతం ఉండేవాడు. జీతమంటే నెల మొదట్లో చేతికొచ్చే పైకం కాదు. నెలకు కొన్ని కుంచాల జొన్నలు, ఏడాదికో చెప్పుల జత, రెండేండ్లకో గొంగడి. అవి ఎన్నేండ్లు చేసినా అంతే ఉండేవి. కుంచం పెరగదు, చెప్పులు మూడు కావు. కానీ ఆ ఇంట్లో ఇంకో పద్ధతి ఉండేది. దాన్ని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఉగాది నాడు పొద్దున్నే నాగలికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, జీతగాడు పటేలు ఎద్దులతో తన కోసం ఒక సాలు దున్నుకోవాలి. చేతిలో ములుగర్ర ఉండకూడదు. నోటితో అదిలించకూడదు. మేడి పట్టుకొని వెనక నడవడమే. ఎద్దులు వాటంతట అవి ఎక్కడ ఆగితే సాలు అక్కడి దాకా. ఇక ఆ సాలు జీతగాడిది. అందులో ఏం వేసుకున్నా, ఎంత పండినా ఎవరూ అడగరు. మరుసటి ఉగాదికి దాని పక్కనే ఇంకొకటి. అట్లా ఎన్నేండ్లు పని చేస్తే అన్ని సాళ్లు. పని మానేసి పోయిననాడు మాత్రం అన్నీ పటేలువే అయిపోతాయి.

ఈ పద్ధతి పెట్టింది పటేలు తాత అని చెప్పేవారు. దాన్ని కాపాడుతున్నది పటేలు తల్లి. ఊరంతా ఆమెను అవ్వ అనేవాళ్లు. చూపు దాదాపు పోయింది. ఉగాది నాడు గట్టు మీద గొంగడి పరిపించుకొని కూర్చొని, తల ఒక పక్కకు వంచి గంటల చప్పుడు వినేది. గంటలు ఆగగానే చేయి పైకెత్తేది. ఆ చేయి లేచిందంటే మరి తిరుగు లేదు. పశువును బాధపెట్టేవాడికి పశువే జీతం తగ్గిస్తుందని ఆమె నమ్మకం. ఎద్దుకు నచ్చినోనిదే మన్ను, అనేది.

నాకు మొదట్లో ఇదంతా ఒళ్లు మండించేది. మనిషి చేసిన కష్టానికి పశువులు విలువ కట్టడమేమిటని. పెండ్లయి వచ్చిన కొత్త, నోరు ఎక్కువ. మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను కాపురానికి వచ్చిన ఏడే ఆ ఎద్దుల జత కూడా సంత నుంచి వచ్చింది. ఒకటి బూడిద రంగు మైల ఎద్దు, ఒకటి నల్లటి కర్రి ఎద్దు. మైలదానికి తొందరెక్కువ, కర్రిదానికి అలక ఎక్కువ. మేం నలుగురం ఒకే ఏడాది ఆ చెలకలో కాలు పెట్టాం. ఎవరికీ ఎవరూ సరిగా తెలియదు.

మొదటి ఉగాదికి అవి ఎంత దూరం పోయాయో చెబితే నవ్వుతారు. నాలుగు బారలు పోయి నిలబడ్డాయి. కర్రిది వెనక్కి తిరిగి మా ఆయన ముఖం చూసింది. ఆ సాలులో నేను మిరప నారు పెడితే ఇరవై మొక్కలు కూడా పట్టలేదు. రెండో ఏడు తుమ్మ చెట్టు దాకా పోయాయి. మూడో ఏడు ఎర్ర గుండు దాటాయి. ఆయన వాటి మెడలు రాసేవాడు, కాళ్ల గిట్టల్లో ముండ్లు తీసేవాడు, వాన పడితే తన గొంగడి వాటి మీద కప్పి తాను తడిసేవాడు. జ్వరం వస్తే కషాయం కాచేది నేను. ఇదేం కాపురమయ్యా, నీకు పెండ్లామొకటి ఉన్నదా, రెండు ఎద్దులున్నాయా అని పోట్లాడేదాన్ని. రెండూ ఉన్నాయనేవాడు.

నాలుగో సాలు ఏట నా బిడ్డ పుట్టింది. మా ఇంట్లో లెక్కలన్నీ అట్లాగే సాగేవి. పిల్ల నాలుగో సాలుది. మా అత్త పోయింది ఐదో సాలు ఏట. వాడలోవాళ్లు కూడా మీవి ఎన్ని సాళ్లయినాయి అని అడిగేవాళ్లు, వయసు అడిగినట్టు. దూరం నుంచి చూస్తే మా జాగా మెట్లు మెట్లుగా కనిపించేది. పాత సాళ్లు పొట్టివి, కొత్తవి పొడుగు. అందులో ఉలవలు, కందులు వేసుకునేవాళ్లం.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో గట్టు మీద కూర్చొని ఆ మెట్ల వంక చూస్తూ ఉండిపోయేదాన్ని. ఎండమావి లేచి చెలక చివర్లు కదులుతున్నట్టు ఉండేవి. సాళ్లు వాటంతట అవే మెల్లగా సాగుతున్నాయనిపించేది. చెలకకు అవతలి చివర మోటబావి నుంచి వచ్చే కాలువ, కాలువ కింద పటేలు వరి మడులు. మోట నడిచేటప్పుడు బొక్కెన నీళ్లు తొట్లో పడే చప్పుడు ఇంత దూరం వచ్చేది. ఒక్క సాలు కాలువను తాకితే చాలు, దానికి నీటి వంతు వస్తుంది. ఆ ఒక్కదాని నుంచి పక్క సాళ్లన్నిటికీ నీళ్లు మలుపుకోవచ్చు. గట్టు కట్టి మడి చేసుకోవచ్చు. వరి పెట్టుకోవచ్చు. నేను కండ్లు తెరిచే కల కనేదాన్ని, అందులో ఎప్పుడూ వరే ఉండేది.

వరి ఎందుకో చెప్పాలి. నా బిడ్డకు మూడేండ్లు నిండుతుండగా జ్వరం వచ్చి, పోతూ పోతూ పొట్టను పాడుచేసి పోయింది. జొన్న గట్క తింటే నిలిచేది కాదు. పాలమూరు దవాఖానకు బండి కట్టించుకొని తీసుకుపోతే, అక్కడి డాక్టరు మెత్తటి బియ్యపు గంజి పొయ్యండి, కొన్నాళ్లు అదే తిండి అన్నాడు. చాలా తేలిక మాట. మాకు బియ్యమంటే పండగ నాటి మాట. నేను పటేలు ఇంటి వెనక వాకిట్లో నిలబడేదాన్ని. పటేలమ్మ వచ్చి, నాకు తగలకుండా పై నుంచి నా కొంగులో దోసెడు బియ్యం పోసేది. మనిషి చెడ్డది కాదు. ఒకరోజు పోసేది, ఒకరోజు పని ఉందనేది, ఒకరోజు నేను నిలబడ్డ సంగతే మరిచిపోయేది. మరిచిపోయిన రోజున నా బిడ్డ గంజి లేకుండా పడుకునేది. ఆ వాకిట్లో నిలబడ్డప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు. ఇంత వయసొచ్చి రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఏడో సాలు కాలువకు నలభై అడుగుల దూరంలో ఆగింది.

ఆ చలికాలంలోనే పాలమూరు నుంచి రోడ్డు పనుల మిస్త్రీ ఒకడు వచ్చాడు. రాళ్లు కొట్టేవాళ్లు కావాలి, వారం వారం చేతికి సిక్కా రూపాయలు అన్నాడు. మా ఆయన భుజాలు చూసి ఆయనను వదలలేదు. మా ఆయనకూ మనసైంది. బిడ్డ కోసం బజార్లో బియ్యం కొనొచ్చని ఆయన ఆలోచన. అక్కడ ఏడాదికేడాది జీతం పెరుగుతుందా అని నేను మిస్త్రీని అడిగాను. పెరగడమేంది, రాయి కొడితే పైస, కొట్టకపోతే లేదు అన్నాడు. మాట నిజాయితీగానే చెప్పాడు. అయినా నాకు నచ్చలేదు. ఏడేండ్ల సాళ్లు వదిలిపెట్టి మళ్లీ మొదటి రాయి నుంచి మొదలుపెట్టాలంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. అది జీతమో, మమ్మల్ని కట్టేసిన పలుపో అని అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. కానీ పలుపు కొస కాలువకు నలభై అడుగుల దూరంలో ఉంది మరి.

"ఈ ఒక్క ఉగాది ఆగు," అన్నాను మా ఆయనతో. "ఎద్దులు కాలువ దాకా పోతయ్. పోకుంటే నీ మూట నేనే కడత."

ఆయన ఆగాడు. మిస్త్రీ వేరేవాళ్లను తీసుకొని పోయాడు. ఇక ఆ ఏడాది బిడ్డ పొట్ట బాగుపడినా పడకపోయినా ఆ మాట అన్నది నేనే.

అందుకే ఒక పని చేశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. రోజూ సాయంత్రం ఎద్దులను నీళ్లకు తోలే వేళకు కాలువ దగ్గర నిలబడి, రెండు దోసిళ్లు నానిన ఉలవలు వాటికి పెట్టేదాన్ని. పటేలు ఇంటివి కావు, మా సాళ్లలో పండినవి, మా కుండలోవి. ఉగాది నాడు అదిలించొద్దన్నారు గానీ, అంతకుముందు మేపొద్దని ఎవరూ అనలేదు కదా. మొదట ఉలవల కోసం వచ్చేవి. తర్వాత్తర్వాత కర్రిది ఉలవలు అయిపోయినా కదిలేది కాదు. నా భుజం మీద గదవ ఆనించి నిలబడేది. దాని ఊపిరి వెచ్చగా మెడకు తగిలేది, పొద్దు వాలేది, నీళ్లు పారేవి, బిడ్డ నా చంకలో నిద్రపోయేది. ఇంతకాలం మా ఆయనను ఆడిపోసుకున్నందుకు నాకు లోపల్లోపల నవ్వొచ్చేది.

ఉగాది వచ్చింది. ముందురోజు చిన్న జల్లు పడి నేల మెత్తబడింది. వేపపూత వాసన గాలిలో ఉంది. అవ్వ గట్టు మీద కూర్చుంది, పక్కన పటేలు నిలబడ్డాడు. మనిషి మంచివాడే, చేయి మాత్రం కొంచెం బిగువు. వాడలోవాళ్లు పది మంది దాకా వచ్చారు. నేను బిడ్డతో కాలువ గట్టున, ఎద్దులకు కనపడే చోట నిలబడ్డాను. కొంగులో ఉలవలు కట్టుకున్నాను.

మా ఆయన మేడి పట్టాడు. గంటలు మొదలయ్యాయి. తుమ్మ చెట్టు దాటాయి, ఎర్ర గుండు దాటాయి. ఇంత తేలికగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. అవి నా వైపే వస్తున్నాయి. నాలో కూడా ఏదో గంటలా మోగుతూ ఉంది.

అప్పుడే నా బిడ్డ చేయి విడిపించుకొని చెలకలోకి పరుగెత్తింది. దుక్కి చప్పుడుకు తీతువు పిట్ట ఒకటి లేచి కింద కిందనే ఎగురుతూ పోతుంటే దాని వెంట పడింది. నాలుగు అడుగులకే తూలి పడే పిల్ల, నాగలికి ఎదురు పోతూ ఉంది. నేను ఏమీ ఆలోచించలేదు. పరుగెత్తి, చెలక నడిమిలో దాన్ని ఎత్తుకున్నాను. తల ఎత్తి చూసేసరికి ఎద్దులు నా ముందు నిలబడి ఉన్నాయి. మైలది నా కొంగు వాసన చూస్తోంది. కర్రిది వచ్చి భుజం మీద గదవ ఆనించింది.

గంటలు ఆగిపోయాయి. అవ్వ చేయి లేచింది.

ఏడో సాలులో సగం కూడా రాలేదు. వాడలోవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. మా ఆయన నా వంక చూసి, చూపు దించుకొని, ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాడు. ఒక్క మాట అని ఉంటే బాగుండేది. చలికాలం నుంచి వాటిని కాలువకు అలవాటు చేశాననుకున్నాను. అవి అలవాటు పడింది కాలువకు కాదు. ఆ సంగతి అప్పుడు, అక్కడ, అందరి ముందు తెలిసింది. మిస్త్రీ లేడు, కాలువ లేదు, మళ్లీ ఏడాది పాటు ఆ వెనక వాకిలి. బిడ్డను గట్టిగా పట్టుకొని ఏడ్చాను.

అవ్వ చేయి దించలేదు. గంటలు ఈసారి మెల్లమెల్లగా కాక ఒక్కసారి ఆగాయట, అది ఆమెకు వింతగా తోచింది. ఎవరి దగ్గర ఆగాయని అడిగింది. నా దగ్గరే అవ్వా అని నేనే చెప్పాను. ఎందుకు ఆగాయంది. దాచడం నాకు చేతకాలేదు. రోజూ ఉలవలు పెట్టిన సంగతి చెప్పేశాను. తప్పు పడుతుందని, ఉన్న సాళ్లు కూడా తీసేస్తుందని భయపడ్డాను.

"ఎవరి ఉలవలు?" అంది.

"మావే అవ్వా. మా కుండలయి."

అవ్వ అప్పుడు చేయి దించింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, ఈ సాలు ఉలవలు పెట్టిన ఈ పిల్లది, దీని మొగని సాలు ఇంక దున్ననే లేదు, ఎద్దులను మళ్లీ మొదటికి తీసుకపొమ్మను అంది. పటేలు నొచ్చుకున్నాడు. ఒక్క ఏడాదికి రెండు సాళ్లు ఎప్పుడైనా ఉన్నాయా అన్నాడు. ఆడదానికి వేరే జీతమేంది, మొగనికిచ్చే దాంట్లనే ఉంటది గద అన్నాడు.

"ఎనిమిదేండ్ల సంది మన కొట్టంల పెండ ఎత్తుతాంది," అంది అవ్వ. "తన బిడ్డ నోటికాడి గింజలు మన ఎద్దులకు పెట్టింది. గొడ్లకు తెల్సింది నీకు తెల్వకపాయె."

నిజం చెబుతున్నాను, ఆ ఎనిమిదేండ్లలో నాకంటూ జీతం ఉండాలని నాకే తోచలేదు. పొద్దున్నే ఆ కొట్టం ఊడ్చేదాన్ని, పెండ ఎత్తేదాన్ని, వాళ్ల చెలకలో కలుపు తీసేదాన్ని. అదంతా మా ఆయన జీతంలోనే కలిసి ఉందనుకున్నాను. పటేలు అనుకున్నట్టే. పశువులు జీతం కట్టడమేమిటని మొదట్లో గొడవపడ్డ దాన్ని, మనిషి లెక్కలో నేను లేననే మాట గమనించనే లేదు.

ఎద్దులను మళ్లీ తూర్పు గట్టుకు తిప్పారు. నేను ఎద్దులకు కనపడకుండా నాగలి వెనక, మా ఆయన వెనకాల నడిచాను, బిడ్డను చంకన పెట్టుకొని. కొత్త మట్టి పాదాలకు చల్లగా తగిలింది. నాకు ఎదర ఏమీ కనిపించలేదు, ఆయన వీపు తప్ప. గంటలు మోగుతూనే ఉన్నాయి. తుమ్మ చెట్టు, ఎర్ర గుండు, ఏడాది కింద ఆగిన చోటు, అన్నీ పక్క నుంచి వెనక్కి పోయాయి. నడుస్తున్నానో నిద్రలో ఉన్నానో తెలియలేదు. నీళ్ల వాసన వచ్చాక, నాగలి కర్రు కాలువ గట్టు మట్టిని తాకాక గంటలు ఆగాయి. రెండూ తల వంచి నా కోసం వెతుకుతున్నట్టు గట్టును వాసన చూస్తున్నాయి. నేను ముందుకు పోయి కొంగు విప్పాను. మా ఆయన ముఖం తుడుచుకున్నాడు. చెమట అన్నాడు.

వానలు పడ్డాక సాళ్లన్నీ కలిపి మడి కట్టాం. రెండు మంచాల వెడల్పు ఉందేమో. నడిమిలో ఆగిపోయిన నా పొట్టి సాలు కాలువకు దూరంగా ఉండేది, నీళ్లు దాన్ని చేరేసరికి పొద్దెక్కేది. నాటు మాత్రం అక్కడే మొదలుపెట్టాను. తర్వాతి ఏండ్లలో అవ్వ పోయింది, మైలది పోయింది, రాజ్యమే మారిపోయింది. ఆ పద్ధతిని పటేలు కొడుకులు పైసల్లోకి మార్చారు. అదీ ఏడాదికింత పెరిగేది, కాదనను. కానీ దాని మీద నడవలేం కదా.

మడి కట్టిన ఏటి కార్తీకంలో మొదటిసారి వడ్లు దంచి, గంజి కాదు, అన్నమే వండాను. ముద్దగా, వేడిగా, ఆకు మీద పెట్టాను. నా బిడ్డ చేయి పెట్టలేదు. ఆకు వంక చూసి, నా ముఖం వంక చూసింది.

"ఎవరు పోసిండ్రు అమ్మా?" అంది.

ఎవరూ పోయలేదు బిడ్డా, మనదే అన్నాను. దానికి అర్థం కాలేదు. బియ్యం పుట్టేది ఇంకొకరి చేతిలో అని అది నమ్మింది, పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుంచి అదే చూసింది. మా ఆయన తన ఆకు దాని పక్కకు జరిపి, ముందు తానొక ముద్ద తిని చూపించాడు. అప్పుడు తింది. సగం తిని, మిగతా సగం ఆకు మడిచి, మళ్లీ ఎవరైనా అడుగుతారేమోనన్నట్టు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.